కొండెక్కిన పడవ

మా మాస్టారు పోయారని ఆఫీసు గ్రూపులో మెసేజి వచ్చినప్పుడు నేను ముందు ఏడవలేదు, అనుమానించాను. అదే తెర మీద ఆయన పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతోంది మరి. ఆ చుక్క ఉందంటే మనిషి తన కంప్యూటరు ముందు ఉన్నట్టు లెక్క. మెసేజి పెట్టినావిడకు ఫోన్ చేసి, నీకెవరు చెప్పారు, వాళ్లు కళ్లారా చూశారా అని నిలదీశాను. మాస్టారి భార్యే చెప్పిందని తెలిశాక నాకింక అడగడానికేమీ మిగల్లేదు. ఇలా అడగడం నాకు నేర్పింది కూడా ఆయనే.

ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. విజయనగరంలో ఒక బట్టల కొట్టు మేడ మీద మాది చిన్న ఆఫీసు. వేటకెళ్లే పడవ ఎక్కడుందో ఒడ్డుకు తెలియజేసే పెట్టెలు తయారు చేస్తాం. ఆ పెట్టెలో నడిచే ప్రోగ్రాము ఆయన రాసిందే. ఎదుటివాడు చెప్పిందల్లా తిరిగి ప్రశ్న వేసి అడుగుతారు కాబట్టి అందరికీ మాస్టారైపోయారు. పుట్టింది సాలూరులో, లారీల ఇంట్లో. టైరులో గాలుందో లేదో కంటితో చూసి చెప్పకూడదు, రాడ్డుతో కొట్టి విని చెప్పాలన్నది ఆ ఇంటి చదువు. ఆయన ప్రోగ్రాముల్ని కూడా అలాగే కొట్టి చూసేవారు.

"అంతా బాగానే నడుస్తన్నాదని ఎవులైనా అంటే నాకు బయమేస్తాది, అమ్మీ" అనేవారు. సర్వరు నెమ్మదించిందని ఎవరైనా ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఆ పూట ఆయనతో మాట్లాడలేం. "రోగం పోనేదు, సాచ్చిం పోనాది" అని గొణుక్కుంటూ తిరిగేవారు. వాడని మెమరీని గార్బేజ్ కలెక్టరే ఊడ్చేస్తుంది కదా మాస్టారూ అని ఒకసారి నేనంటే, "అది ఊడుస్తాది. ఎవులో ఒకలు ఇడవకుండా పట్టుకున్నదాన్ని ఎలాగ ఊడుస్తాది? ఎవులు పట్టుకున్నారో సూడు" అన్నారు. నాలుగు రోజులు వెతికించారు. పట్టుకున్నది నేను రాసిన ముక్కే. సంతాప సభలో ఒకాయన, మాస్టారికి కోపమే రాదన్నాడు. ఆయన ఎప్పుడైనా మా ఆఫీసు మెట్లెక్కాడా అని నాకు అనుమానం.

ఇంత అనుమానం మనిషికి ఎందుకని విసుక్కున్న రోజులున్నాయి. ఆ విసుగు ఒక్క మధ్యాహ్నంతో పోయింది.

మాది బెస్తల ఇల్లు. మా తమ్ముడు వేటకెళ్లిన రోజది. గాలి ఎక్కువగా ఉందని అమ్మ కంగారుపడి నాకు ఫోన్ చేసింది. తెర మీద చూస్తే వాడి పడవ చుక్క పచ్చగా ఉంది, పక్కనే ఇప్పటి టైము. బాగానే ఉన్నాడే అని చెప్పడానికి నోరు తెరిచాను. వెనక నించున్న మాస్టారు నా భుజం తట్టారు.

"ఆ మాట ఇంకా సెప్పీకు. సివరి అంకెలు సూడు."

పడవ ఉన్న చోటును చూపించే అంకెలు. ఎంతసేపు చూసినా అవే ఉన్నాయి.

"లంగరేసుంటారు మాస్టారూ."

"లంగరేసిన పడవైనా ఊగుతాదా, ఊగదా? సివరి అంకైనా కదలాల కదా. ఇది పడవ కాదు, అమ్మీ. పాత మాట."

నేను అమ్మతో, మామయ్యలను పడవలు తియ్యమని చెప్పు, ఇప్పుడే తియ్యమను అని చెప్పాను. రెండు పడవలు వెళ్లాయి. ఇంజను చెడి, బ్యాటరీ నీరసించి, ఒడిశా వైపు కొట్టుకుపోతూ మా వాళ్లు దొరికారు. పచ్చచుక్క చూపించిన చోటికి అది చాలా దూరం. తమ్ముడి గొంతు వినేదాకా మాస్టారు నా పక్కనుంచి కదల్లేదు, ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు.

తర్వాత తప్పు ఎక్కడుందో తేల్చారు. ప్రోగ్రాము కావలసినప్పుడు మెమరీలో కొంత జాగా తీసుకుంటుంది, పని అయ్యాక వదిలేస్తుంది. వదిలేసినంత మాత్రాన అందులోని పాత సంగతి చెరిగిపోదు. ఖాళీ చేసిన అద్దె ఇంట్లో గోడకు పాత క్యాలెండరు వేలాడుతున్నట్టు ఉంటుంది. చోటు చెప్పే శాటిలైటు అందనప్పుడు మా పెట్టె పడవ చోటు రాసుకున్న జాగాను వదిలేస్తోంది. కబురు పంపే భాగం మాత్రం అది తెలియక అక్కడే చదివి, కొత్త టైము తగిలించి పంపుతోంది.

"ఆ ఇంటికి సున్నం కొట్టించాల" అన్నారు మాస్టారు. వదిలేసిన జాగాలో వెంటనే ఒక దొంగ చిరునామా రాసిపెట్టే ఏర్పాటు చేశారు. ఆ చిరునామా శృంగవరపుకోట కొండల మీద ఉంటుంది. ప్రోగ్రాములో ఏ మూలైనా పొరపాటున చచ్చిన జాగాను చదివితే పడవ సముద్రంలో కనిపించదు, కొండ మీద కనిపిస్తుంది. పడవ కొండెక్కితే గుడ్డివాడికైనా అనుమానం రావాలి కదా అని ఆయన లెక్క. ఆఫీసులో అదే వాడుకైపోయింది. ఇవాళ ఎన్ని కొండెక్కాయి అని అడుగుతారు, ఎవరో ఒకరు రెండంటారు. ఎక్కినదాన్నల్లా పట్టుకుని సరిచేసేవాళ్లం.

ఈ ఏడు వేట నిషేధం మొదలై పడవలన్నీ ఒడ్డుకు చేరాక, తప్పులన్నీ దిద్ది రాసిన కొత్త ప్రోగ్రామును ఉత్తుత్తి పడవలతో ఇంట్లో తన కంప్యూటరులో ఆపకుండా నడిపించారు. నిషేధం ఎత్తేలోగా తేలాలి. అది నడుస్తుండగానే ఆస్పత్రిలో చేరారు. అక్కడా రిపోర్టు చేతికిస్తే, ఇది నాదేనా, పేరు సరిగా చూశారా అని అడిగారట. ఇంటికి ఫోన్ చేస్తే మాత్రం భార్యను అడిగేది ఒక్కటే. "ఏదైనా కొండెక్కినాదేటి?"

ఆవిణ్ణి నేను అత్తా అంటాను. దినాలయ్యాక వెళ్తే, ఆ గదిలో కంప్యూటరు అలాగే నడుస్తోంది. ఆయన పేరు పక్కన పచ్చచుక్క ఎందుకు ఆరలేదో అప్పుడు తెలిసింది.

"ఆపీకు, నేనొచ్చి సూస్తానన్నారు. మరి ఆపమని ఎవులూ సెప్పనేదు" అంది అత్త. "రోజూ సూస్తన్నాను. ఒక్కటీ కొండెక్కనేదమ్మా."

నాకు వెంటనే అనుమానమొచ్చింది. ఎక్కలేదా, ఎక్కినా చూపించడం లేదా? ఒక ఉత్తుత్తి పడవలో, సున్నం కొట్టిన కొత్తలో నడిచిన, తప్పులింకా దిద్దని పాత ప్రోగ్రాము పెట్టాను. అత్త టీ పెట్టి తెచ్చేసరికి ఆ పడవ సముద్రం వదిలి కొండల మీద కూచుంది. అత్త గ్లాసు బల్ల మీద పెట్టేసి తెర దగ్గరికి వంగింది.

"కొండెక్కీసినాదే."

"నేనే ఎక్కించేను అత్తా. కొట్టి సూసేను. మాస్టారు రాసింది బాగున్నాది."

ఆ మాట నా జీవితంలో అంత నిబ్బరంగా ఎప్పుడూ అనలేదు. అది వినాల్సిన మనిషి లేడన్న దుఃఖం అప్పుడు ముంచుకొచ్చింది. అత్త ముందే ఏడ్చాను.

నిషేధం ఎత్తేసిన పొద్దున్న మళ్లీ ఆ గదిలోనే కూచుని చూశాను. కొత్త ప్రోగ్రాము పెట్టిన పడవలు ఒక్కొక్కటే ఒడ్డు దాటాయి. తమ్ముడి పడవ చివరి అంకెలు ఒక్క క్షణం కుదురుగా లేవు. అలా చూస్తుంటే కడుపు నిండిపోయింది.

"ఇంక ఆపీద్దామేటి?" అంది అత్త.

స్విచ్చి ఆవిడే నొక్కింది. గదిలో ఇన్నాళ్లూ ఉన్న చిన్న హోరు ఆగింది. నా ఫోనులో మాస్టారి పేరు పక్కన చుక్క ఇంకా పచ్చగానే ఉంది.

"ఆపీసినాం కదా, ఇంకా ఎలుగుతన్నాదేటి?"

"కాసేపు పడతాది అత్తా. అవతలికి ఇంకా తెలీదు."

ఫోను మధ్యలో పెట్టుకుని ఇద్దరం చూస్తూ కూచున్నాం. అది పాత మాటేనని నాకు తెలుసు. అయినా ఆ కాసేపూ నేను దాన్ని నమ్మాను. చుక్క బూడిదరంగులోకి మారినప్పుడు, దేవుడి గదిలో దీపాన్ని గురించి చెప్పినంత నెమ్మదిగా అత్త అంది.

"కొండెక్కినాది."