ఆవిరితో ఆడిన బేరం

ఆ రోజుల్లో మా ప్రొద్దుటూరులో అంగడి షట్టరు ఎత్తే ముందు, వీధిలో ఏ పార్టీ జీపులు తిరుగుతున్నాయో తొంగి చూసేవాళ్లం. వాళ్లు విసురుకునే బాంబుల భయంతోనే మా నాయన నన్ను నేవీలోకి తోశాడు. "సముద్రంలో ఫ్యాక్షనుండదు లేప్పా" అని ఆయన ధైర్యం. (నిజమే. అక్కడ ఉన్నది ఒక్కటే బాంబు. దాన్ని బాయిలరు అనేవారు.)

మా ఆవిరి ఓడ వయసులో మా నాయనకంటే పెద్దది. పై అధికారి తనిఖీకి వస్తున్నాడంటే చాలు, మరమ్మతు పక్కనపెట్టి పైపులకు ఇంకో పూత రంగు వేసేవాళ్లం. పైపు చిల్లులోంచి చిమ్మే బాగా కాగిన ఆవిరి కంటికి కనబడదు, మనిషిని మాత్రం కోసేస్తుంది. అందుకని బాయిలరు గదిలో చీపురును ముందుకు చాచి ఆడిస్తూ నడవాలి. చీపురు తెగితే ఆగాలి. యుద్ధనౌకలో మా ప్రాణాలకున్న రక్షణ కవచం అదే.

చెల్లెలి పెళ్లికి మరునాడు బయలుదేరాలనగా నా చీపురు కొస పుటుక్కున తెగిపడింది. చెబితే బాయిలరు ఆర్పేస్తారు, బాగయ్యేదాకా మాలో ఎవరికీ సెలవుండదు. అంగట్లో పెరిగిన ప్రాణం కదా, మా పెద్ద మెకానిక్కుతో బేరానికి దిగాను. ఆయనది పులివెందుల, మామా అని పిలిచేవాణ్ని.

"మామా, ఇది రేపు నేను పోయినాక కనబడిందనుకుందాం."

"అట్లనే కానీప్పా. అంతవరకూ ఆ పైపు కాడ నువ్వే నిలబడు."

"పది అడుగుల దూరంలో నిలబడతా."

"అయిదు."

"పదిహేను, మామా."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఏంది సేటూ, నీ బేరం ఎనక్కెనక్కి పోతాండాది? రేపు నీ బదులు ఈడ నిలబడేటోనికి చెల్లెండ్లు లేరా?"

ఆ ప్రశ్నకు తగ్గింపు అడగడం నాకు చేతకాలేదు. వెళ్లి రిపోర్టు చేశాను. బాయిలరు ఆర్పి, పైపు విప్పి గీకితే, ఇనుము అప్పడమంత మందాన మిగిలి ఉంది. తక్కినదంతా రంగే.

పెళ్లికి రెండు పార్టీల పెద్దలూ వచ్చి అక్షింతలు వేశారట, నేను తప్ప. చెల్లెలు చాలా ఏళ్లు నాతో సరిగా మాట్లాడలేదు. ఇప్పుడేమో "నా పెండ్లి గూడా ఇడ్సిపెట్టి ఓడను కాపాడినాడు మా అన్న" అని మనవలకు గొప్పగా చెబుతుంది. నేను తల దించుకుని నవ్వుతాను. పిల్లలు దాన్ని వినయం అనుకుంటారు.