వెండి గిన్నె కోసం మా బావగారి లోకసంచారం

మా బావగారు వెండి గిన్నె వెతకడానికి కొలంబో వెళ్తున్నారన్న కబురు నాకు మొదట తెచ్చింది మా వీధిలో చేపలమ్మే అక్క. గంప దించి, "మీ బావగారికి ఆ గిన్నె దొరికితే, అమ్మినోడెవడో తెలిసి మా ఆయన దొంగ కాదని తేలిపోద్ది గదమ్మా. ప్రార్థన చెయ్యి" అంది. చేశాను.

ఆ గిన్నె మా చర్చిలో ప్రభు భోజన సంస్కారంలో ద్రాక్షారసం పంచడానికి వాడేది. మా తీరంలో ప్రాణాలు దక్కించుకున్న ఒక విదేశీ ఓడ కెప్టెన్ ఏనాడో ఇచ్చిపోయాడని చెప్పుకుంటారు. తర్వాత వచ్చిన ఒక తుఫానులో అది మాయమైంది. ఆ రోజే, గంట కొట్టి ఊరిని హెచ్చరించిన చర్చి కావలివాడు, ఈ అక్క భర్త, ఉప్పెనలో కొట్టుకుపోయాడు. చనిపోయినవాడు బదులు చెప్పలేడు కాబట్టి, అంతకుముందే అతను గిన్నెను ఓడవాళ్లకు అమ్మేశాడని పెద్దలు సులువుగా తేల్చేశారు. అక్కను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు, దేవునికి స్తోత్రం. చర్చిలో ఆమె కూర్చున్న చాప మీద ఇంకెవరూ కూర్చోలేదు, అంతే.

బావగారు రిటైరైన మనిషి, సంఘ పెద్ద. ఓడవాళ్ల చేతికి పోయింది ఓడరేవుల్లోనే దొరుకుతుందని ఆయన సిద్ధాంతం. కొలంబోలో గిన్నె దొరకలేదు, ఏనుగుతో ఫొటో దొరికింది. రంగూన్‌లో పాత సామాన్ల అంగడివాడు లిస్బన్ వైపు చెయ్యి చూపించాడట. ఆ చెయ్యి వెంబడే వెళ్లారు. నేను ఇంట్లో మా నాన్న దగ్గర చదువుకున్నదాన్ని. లిస్బన్ ఎక్కడుందో బావగారి దయవల్లే తెలిసింది. ఆ మేలు మరువను.

ఆయన అక్కడ ఉండగా ఇక్కడ చర్చి పక్కగది పడగొట్టారు. అందులో నేలలో సగం పాతిన పెద్ద బాన ఉంది. వంటకు ముందు దేవుని కోసం తీసిపెట్టిన పిడికెడు బియ్యం ఆదివారం అందులో పోస్తాం, పేదలకు పంచుతాం. కరువులో ఒక విధవరాలి తొట్టిలో పిండి అయిపోలేదని బైబిలు వాక్యంలో చదివినవాళ్లం గనుక, అడుగు కనబడేలా బానను ఎవ్వరం తోడం. పురుగు పడితే వేపాకు వేసి, స్తోత్రం చెప్పి, పైన కొత్త బియ్యం పోసేవాళ్లం. అంత భక్తి మాది.

"పగలగొట్టాల, ఖాళీ చెయ్యండమ్మా" అన్నాడు మేస్త్రీ.

మిగతావాళ్లు జంకితే నేను చెయ్యి పెట్టాను. నల్లటి పొడి కింద తువ్వాలు మూట తగిలింది. విప్పితే గిన్నె, దాంతోపాటు చర్చి తాళాలు.

అక్క గిన్నె వంక చూడనే లేదు. తువ్వాలు తడిమింది. "అంచు నేను కుట్టిందే. దాచినాడమ్మా. నీళ్లొస్తా ఉంటే దాచిపెట్టి, గంట కొట్టేదానికి పోయినాడు."

బావగారికి ఫోన్ చేశాను.

"అది నకిలీదై ఉంటాది. ఇక్కడొకాయన రేపు అసలుది చూపిస్తానన్నాడు. నేనొచ్చేదాకా ఏమీ తేల్చబాకండి."

"మీరు నిదానంగానే రండి బావగారూ," అన్నాను.

ఆయన వచ్చాక, గిన్నె కోసం లోకమంతా తిరిగినందుకు సంఘం శాలువా కప్పింది. నేనూ చప్పట్లు కొట్టాను. అడ్డు చెప్పడానికి ఆయన ఊళ్లో లేకపోబట్టే కదా ఆ గది అంత సాఫీగా పడిపోయింది. అక్క చాప మీద ఆ రోజు నాకు చోటు కష్టంగా దొరికింది, అంతమంది కూర్చున్నారు. కావలివాడి మాట మాత్రం శాలువా సందడిలో ఎవరికీ గుర్తు రాలేదు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. బియ్యం కొలిచేటప్పుడు, నీళ్లు మీదికొస్తున్నా గిన్నెను దాచి గంట దగ్గరికి వెళ్లిన ఆ మనిషిని ఒకసారి తలుచుకోండి.