మా అత్త చూపించని సినిమా

పోయిన నెల ఒక పొద్దున మింగళాడోన్‌లో బస్సు దిగుతుండగా తమ్ముడు ఫోన్ చేశాడు. “అక్కా, అత్త ఎల్లిపోనాది” అన్నాడు. టీ కలుపుకుంటూ గుండె పట్టుకుని కూలబడిందట. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. అక్కడి విమానాశ్రయంలో సరుకుల విభాగంలో నా ఉద్యోగం. ఆఫీసుకు సెలవు చెప్పి, అటునుంచి అటే వెనక్కి వెళ్ళే బస్సెక్కాను. దారంతా నాకు ఏడుపు రాలేదు. ఒకటే ఆలోచన. ఇడ్లీల పెద్దమ్మకు ఎవరైనా చెప్పారా? చెబితే ఆవిడ మెట్లెక్కి పైకి వస్తుందా?

అలా ఎందుకు అనుకున్నానో మీకు తెలియాలంటే మా అత్త ఎవరో చెప్పాలి.

ఆవిడ మా నాన్నకు చెల్లెలు. బొమ్మల సినిమాలు తీసేది. మీలో చాలామంది వాటిని చూసి ఉండరు. ఒక్కొక్కటి నాలుగైదు నిమిషాలకు మించదు. మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి బర్మా వచ్చి బోటాటౌంగ్ రేవులో బస్తాలు మోశాడు. ఆ ఇంట్లో బొమ్మలు గీసి అన్నం తిన్న మొదటి మనిషి అత్తే. మొదట ఒక ప్రకటనల కంపెనీలో చేరి సబ్బులకీ టీ పొడికీ బొమ్మలు గీసింది. “ఆ సబ్బుబిళ్ళ నవ్వినట్టు గీసీ గీసీ నా నవ్వు నాకే మరుపొచ్చీసింది” అని మానేసింది. పెళ్ళి మాట ఎత్తితే, గీస్తున్న కాగితం మీంచి తల ఎత్తేది కాదు. మా వీధి బర్మా వాళ్ళు మాత్రం ఆవిడను టీచరమ్మను పిలిచినట్టు ‘సయామా’ అని గౌరవంగా పిలిచేవాళ్ళు.

మింగళ తౌంగ్‌న్యున్ పేటలో మాది ఐదో అంతస్తు. కరెంటు ఎప్పుడుంటుందో తెలియని ఊరు కాబట్టి అత్త పగటి వెలుతురులో కిటికీ అద్దం మీదే పని చేసేది. గీసిన కాగితం అద్దానికి అంటించి, దాని మీద ఇంకో కాగితం పెట్టి, కింద కనిపించే గీతను వెంట్రుకవాసి జరిపి మళ్ళీ గీసేది. అలా వందల కాగితాలు గీస్తే ఒక మనిషి గది దాటేవాడు. ఇంటికి ఎవరొచ్చినా ముందు వాళ్ళ పాదాల వైపు చూసేది. నన్నైతే గదిలో అటూ ఇటూ నడిపించేది. “ఓలమ్మీ, ఇంకోపాలి నడు. బిందె ఉన్నాదనుకుని నడు.” నేను విసుక్కుంటే, “మొకాలు తరవాత గీద్దుం, ముందు కాళ్ళు సూడనీ” అనేది.

ఆవిడ తీసినవాటిలో అన్నిటికంటే మంచిది ఇడ్లీల పెద్దమ్మ మీద తీసిన సినిమా. పెద్దమ్మది అదే మేడలో అన్నిటికంటే కింది వాటా. చిన్నప్పుడు జ్వరం వచ్చి ఒక కాలు కురచైపోయింది. గంప నెత్తిన పెట్టుకుని, ఒక్కో మెట్టూ ఎక్కుతూ, ఊగుతూ, ప్రతి అంతస్తులోనూ కేకేసి ఇడ్లీలు అమ్మేది. అత్త తలుపు సందులోంచి ఆ నడక చూసేది. మెట్ల మీద రికార్డరు పెట్టి ఆ కేక పట్టుకుంది. రెండేళ్ళు గీసింది. పెద్దమ్మకు మాత్రం చెప్పలేదు. పూర్తయ్యాక చూపించి సంబరపెడదామనుకుంది.

గుడి పక్క హాల్లో తెల్ల దుప్పటి కట్టి సినిమా వేశాం. పెద్దమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టింది నేనే. సినిమా మొదలైంది. తెర మీద గంప ఊగింది, ఆ వెనకే మనిషి ఊగింది. అచ్చం ఆవిడే. హాలు గొల్లుమంది. పిల్లలైతే లేచి నిలబడి ఆ నడక నడిచి చూపించారు. పెద్దమ్మ ఆ పిల్లల వైపు చూసింది. తర్వాత లేచి, కుర్చీల మధ్య నుంచి తలుపు దాకా నడిచి వెళ్ళిపోయింది. తెర మీద ఉన్న నడకే అది. నవ్వు ఒక్కసారిగా ఆగిపోయింది. సినిమా మాత్రం ఆడుతూనే ఉంది.

మర్నాడు అత్త కింది వాటాకు వెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను. “ఒదినా, నిన్ను సూసి నవ్వాలని గీసింది కాదు” అంది అత్త. పెద్దమ్మ ఆ మాట విననట్టే, “పప్పులుసు ఎయ్యమంతావా?” అని రెండు ఇడ్లీలు ఆకులో పెట్టి ఇచ్చింది. డబ్బులు తీసుకోలేదు. అత్త వాటిని పైకి తెచ్చి కిటికీ దగ్గర పెట్టుకుంది. తినలేకపోయింది.

ఆ రోజు నుంచి పెద్దమ్మ మెట్లెక్కడం మానేసింది. వీధిలో మెట్ల మొదట్లో పీట వేసుకుని కూర్చునేది. పై అంతస్తుల వాళ్ళు బాల్కనీల నుంచి తాళ్ళు వదిలితే, వాటికి వేలాడే సంచుల్లో పొట్లాలు పెట్టి పంపేది. బేరం తగ్గలేదు, పైపెచ్చు పెరిగింది. కానీ ఆవిడ నడవగా మేమెవ్వరం మళ్ళీ చూడలేదు. జనం లేవకముందే వచ్చి కూర్చునేది, అందరూ లోపలికి పోయాక లేచేది. అత్త కిటికీ లోంచి చూస్తే సరిగ్గా ఆ పీటే కనిపించేది.

విదేశాల్లో జరిగే ఒక సినిమా పండగ నుంచి ఆ సినిమా కోసం పిలుపు వచ్చింది. అత్త ఇవ్వనంది. “నీ బతుకులో అంతకంటే మంచిది తియ్యలేవు” అని మా నాన్న కోప్పడ్డాడు. “తెలుసన్నయ్యా” అంది, అంతే. తర్వాత వానలో కొట్టుకుపోయే చెప్పుల మీద ఒకటి తీసింది, కాకుల మీద ఒకటి తీసింది. వాటికి మంచి పేరే వచ్చింది. మనుషులు లేని ప్రపంచాన్ని ఎంత బాగా చూపించారని ఎవరో రాశారు. అది చదివి వినిపిస్తే అత్త కిటికీ అద్దం వైపు తిరిగిపోయింది. పెద్దమ్మ సినిమాను నా ఫోన్‌లో దాచింది తనే. “నువ్వే ఉంచు. నా దగ్గరుంటే సెరిపీస్తాను” అంది.

అత్త పోయిన మూడో రోజున పెద్దమ్మ వచ్చింది. ఐదు అంతస్తులూ ఎక్కింది. గోడ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఆయాసపడుతుంటే, అక్కడున్న వాళ్ళం ఎవరమూ ఆవిడ కాళ్ళ వైపు చూడలేదు. చూడకూడదని అందరం కళ్ళు దించుకున్నాం, అదీ చూసినట్టే అయింది. అత్త ఫొటోకు దణ్ణం పెట్టి నా పక్కన కూర్చుని నెమ్మదిగా అడిగింది.

“ఆ బొమ్మ నీకాడ ఉన్నాదేటి? కడదాకా నాను సూడనేదు.”

ఫోన్ తీసి చేతిలో పెట్టాను. ఆవిడ ఆ రోజు చూడకుండా వెళ్ళిపోయిన భాగం ఇది: బొమ్మలో ఆవిడ ఎక్కుతున్న కొద్దీ మెట్లు ఊగుతాయి, మేడ ఊగుతుంది, కింద బస్సులూ రిక్షాలూ కాకులూ అన్నీ ఆవిడ లయలోనే కదులుతాయి. పైకి చేరి, గంప దించి, ఆవిడ కాలు చాపుకుని కూర్చుంటుంది. అంతే, ఊరంతా ఆగిపోతుంది. ఆవిడ మళ్ళీ లేచేదాకా ఏదీ కదలదు.

చూడటం అయ్యాక పెద్దమ్మ ఫోన్‌ను ఒళ్ళో పెట్టుకుంది.

“బాగానే గీసినాది” అంది. “నన్నో మాట అడగాల కదా. అడిగుంటే ఊఁ అనీదాన్నేమో.”

అత్త జ్ఞాపకంగా సినిమాలన్నీ వేస్తామని కొందరు కుర్రవాళ్ళు అడిగారని, ఇది కూడా ఇమ్మంటారా అని అడిగాను. నా గొంతు నాకే అపరాధి గొంతులా వినిపించింది. ఇవ్వకపోతే అత్తకు అన్యాయం చేసినట్టు, ఇస్తే ఈవిడకు చేసినట్టు.

“నానుండగా ఒద్దు” అంది. “ఆల్లకి సూపించకు.”

సరేనన్నాను. ఆ కుర్రవాళ్ళకు అలాగే చెప్పాను. చెప్పిన దగ్గర్నుంచీ నాకు మనసు మనసులో లేదు. అత్త అంత బాగా ఏం గీసిందో లోకానికి తెలియదు. అందుకే ఈ నాలుగు మాటలైనా రాసుకుంటానని పెద్దమ్మను అడిగి రాశాను.

ఆ రోజు ఆవిడ ఫోన్ వెంటనే తిరిగి ఇవ్వలేదు. “ఇంకోపాలి ఎట్టు” అంది. పెట్టాను. ఈసారి ఫోన్‌ను కళ్ళకు దగ్గరగా పట్టుకుంది. బొటనవేలు తెర మీద అడ్డంగా పడి, నడుస్తున్న మనిషి దాని కింద దాగిపోయింది. ఆవిడ వేలు తియ్యలేదు, నేనూ చెప్పలేదు. వేలికి అటూ ఇటూ మెట్లు ఒక్కొక్కటే కిందికి జారిపోతూ ఉన్నాయి. గంపలోంచి లేచిన ఆవిరి మాత్రం గోరు మీదుగా పైకి పోతోంది.