బాలి చేలో కొడవళ్లు

పంజాగుట్టలో యాదగిరి ఫ్రేముల దుకాణంలో నాగేశ్వరి పాత చిత్రాలకు నకళ్లు వేస్తుంది. కుంచె మొనను పెదవులతో తడిపి, ఒక్కో ఆకునూ విడిగా దిద్దుతుంది. ఈసారి బేగంపేట హోటలు కోసం డెబ్బై ఏళ్ల కిందటి బాలి ద్వీపపు పల్లె చిత్రం వేసింది. అందులో వరి కోసే ఆడవాళ్ల చేతులు ఖాళీగా కనిపిస్తే, కోనసీమలో కోతలకు వెళ్లిన అలవాటుకొద్దీ తనే కొడవళ్లు పెట్టేసింది. ఈరోజు అసలు చిత్రాన్ని భూతద్దంలో చూస్తే, ప్రతి అరచేతిలోనూ చిన్న కత్తి ఉంది. వాళ్లు వరి వెన్నులను ఒక్కొక్కటిగా కోస్తున్నారు.

“సాయంత్రం హోటలోళ్లు వస్తరక్కా. ఇయ్యాల ఇయ్యకుంటే ఆర్డర్ పోతది. గోడ మీద కొడవలి ఎవడు చూస్తడు?” అన్నాడు యాదగిరి.

“కొడవలి పట్టే చెయ్యి వేరండీ. పదిహేడు చేతులూ తప్పే. వాళ్లొస్తే కూర్చోబెట్టి టీ ఇప్పించండి.”

నాగేశ్వరి బ్లేడు తీసుకుని మొదటి చెయ్యి గీకడం మొదలుపెట్టింది.