చిన్నాయన నేర్చుకున్న “ఎందుకు”

నిన్న పొద్దున హిందూపురంలో మా మిద్దె మీద బట్టలు ఆరేస్తుంటే బెంగళూరు నుంచి ఫోను వచ్చింది. త్వరలో జరగబోయే వెబ్ డిజైనర్ల సదస్సు పనులు చూస్తున్న అమ్మాయి. “మేడం, చెవిటివాళ్ల కోసం సైగల్లో చెప్పే ఆమెను వేదికకు ఏ పక్కన నిలబెట్టాలి?” అని అడిగింది. నేను తడుముకోకుండా చెప్పాను. మాట్లాడే మనిషికి దగ్గరగా నిలబెట్టండి, వెలుతురు నేరుగా ఆమె చేతుల మీద పడాలి, వెనక తెర మీద బొమ్మలు కదలకూడదు, పూల చీర కట్టుకోవద్దనండి, ఒకే రంగు బట్టలైతే చేతులు బాగా కనబడతాయి. ఆ అమ్మాయి అన్నీ రాసుకుని, “ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నారు మేడం?” అంది. ధర్మవరంలో అన్నాను. అక్కడ అలాంటి కోర్సు ఉందా అని ఆశ్చర్యపోయింది. దానికి జవాబు చెప్పాలంటే మా చిన్నాయన గురించి చెప్పాలి. చేతిలో తడి దుప్పటి పట్టుకుని ఫోనులో చెప్పే సంగతి కాదది. తర్వాత మాట్లాడతానని పెట్టేశాను. కానీ మనసు అప్పటికే ధర్మవరం పోయింది.

చిన్నాయన అంటే మా నాయనకు తమ్ముడు. పుట్టుకతో వినబడదు. పుట్టింది పెనుకొండలో అయినా బతుకంతా ధర్మవరంలోనే, పట్టుచీరల మగ్గం మీద గడిచింది. చిన్నప్పుడే ఒక మగ్గాల ఇంటికి పని నేర్చుకోవడానికి పంపితే అక్కడే ఉండిపోయాడు. పెళ్లి చేసుకోలేదు. ఆయన నేసిన అంచు చూస్తే ఎవరైనా ఇంకోసారి చూస్తారు. నేను వేసవి సెలవుల్లో ఆయన మగ్గం పక్కన కూర్చుని, ఏ రంగు పక్కన ఏ రంగు నప్పుతుందో చూస్తూ పెరిగాను. మా ఇంట్లో ఆయనతో మాట్లాడటానికి కొన్ని సైగలుండేవి. అన్నం, నీళ్లు, వాన, దుడ్లు, బస్సు, రా, పో. మీసం దువ్వినట్టు చూపిస్తే మా నాయన. రెండు జడలు పట్టుకున్నట్టు చూపిస్తే నేను. నలభై దాటి, జుట్టు భుజాల దాకా కత్తిరించుకున్నా, ఆయన లెక్కలో నేను రెండు జడల పిల్లనే.

నాయనకు మాత్రం సైగల మీద నమ్మకం లేదు. ఆయన బస్సు కండక్టరు. కిక్కిరిసిన బస్సులో ముందు మెట్టు మీద నిలబడి పిలిస్తే వెనక సీట్లో నిద్రపోయేవాడు ఉలిక్కిపడి టికెట్టు కోసం జేబు తడుముకునేవాడు. అలాంటి గొంతుకు కూడా లొంగని చెవి ఒకటుందని, అదీ సొంత తమ్ముడిదని ఆయన ఒప్పుకోలేకపోయాడు. ధర్మవరం బస్టాండులో బండి ఆగగానే, చూడటానికి వచ్చిన చిన్నాయన చెవి దగ్గర నోరు పెట్టి “తిన్న్యావా రా!” అని అరిచేవాడు. అరటిపండ్ల బండ్ల వాళ్లు కూడా తమనే అడిగారేమో అన్నట్టు తిరిగి చూసేవారు. చిన్నాయన నవ్వి తల ఊపేవాడు. తిన్నా ఊపేవాడు, తినకపోయినా ఊపేవాడు. ఏమడిగినా ఆ నవ్వు, ఆ తల ఊపడమే. మా తమ్మునికి అంతా అర్థమవుతాదని నాయన అందరికీ చెప్పుకునేవాడు.

నా ఉద్యోగం సంగతీ కొంచెం చెప్పాలి. పెళ్లి పత్రికలు కంపోజ్ చేసే చిన్న కొట్టులో మౌస్ పట్టుకోవడం నేర్చుకున్న నేను, ఏళ్లు గడిచేసరికి బెంగళూరు కంపెనీలకు వెబ్‌సైట్లు చేసే దాకా వచ్చాను. దాంతో సదస్సులకు పిలుపులు మొదలయ్యాయి. లోపలికి పోగానే మెడలో పేరు బిళ్ల వేస్తారు, చేతికి గుడ్డ సంచి ఇస్తారు. ఆ సంచుల దయవల్ల మేం కూరగాయల సంచి కొనడం మరిచిపోయాం. చల్లటి హాలులో పెద్ద తెర, చెంపకు అంటుకున్న మైకు, గడగడా ఇంగ్లీషు. మొదటి రెండు సదస్సుల్లో నాకు సగమే అర్థమైంది. పక్కవాళ్లు తల ఊపితే నేనూ ఊపాను. సాయంత్రమయ్యేసరికి ఎవరో ఒకరు లేచి, మన పని సమాజానికి ఉపయోగపడాలి అంటారు. అందరూ చప్పట్లు కొట్టి టిఫిను దగ్గరికి పోతారు. వాళ్లను తక్కువ చేయడం లేదు. అలాంటి ఒక ఉపన్యాసం విని వచ్చాకే నేను హిందూపురంలో రక్తదానం చేసేవాళ్ల సంఘానికి ఉచితంగా సైటు చేసి పెట్టాను. ఆ సైటు చూసి ఫోను చేసి ఒకామె కాన్పు గండం గట్టెక్కిందని తెలిసిన రోజు ఇంటిల్లిపాదికీ మైసూరుపాకు పంచాను.

ఒక ఏడాది సదస్సులో వేదిక పక్కన నల్ల చొక్కా వేసుకున్న ఒకామె నిలబడి ఉంది. ఉపన్యాసం మొదలవగానే ఆమె చేతులు కదిలాయి. ముందు వరుసలో నలుగురైదుగురు కుర్రవాళ్లు ఆమెనే చూస్తున్నారు. వేదిక మీదాయన ఏదో జోకు వేశాడు. హాలంతా నవ్వింది. ఒక్క క్షణం ఆగి వాళ్లూ నవ్వారు. ఆ నవ్వు నిజమైన నవ్వు, సంగతి అర్థమై నవ్విన నవ్వు. ఆ రోజు ఇంకేం విన్నానో నాకు గుర్తు లేదు. వచ్చే ఏడు చిన్నాయనను ఇక్కడ కూర్చోబెట్టాలి అనుకున్నాను, అంతే.

నాయన ఒప్పుకోలేదు. “వాన్నేంటికి పిలుచుకపోతాండావు పాపా? ఆడ అందురూ ఇంగ్లీషులో మాట్లాడతారు. నీకే సగం అర్థం కాదంటివి.”

“చేతుల్తో చెప్పే ఆమె ఉంటాది నాయనా.”

“చేతులాడిస్తే నవ్వుతారు మే. నువ్వు సూడలేదు. నా బస్సులోనే ఎంతమంది వాన్ని సూసి నవ్విండారో నాకు తెలుసు. ఒకన్ని సోమందేపల్లిలో బండి ఆపి దింపేస్తి.”

ఆయన అరుపుకు అర్థం అప్పుడు తెలిసింది. గట్టిగా మాట్లాడితే చూసేవాళ్లకు ఇద్దరు అన్నదమ్ములు మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది. సైగ చేస్తే తమ్ముడి లోటు నలుగురిలో బయటపడుతుంది. అయినా నేను పట్టు వదల్లేదు. చివరికి చిన్నాయన ధర్మవరంలో రైలెక్కాడు. పెనుకొండ స్టేషనులో నాయన కిటికీ దగ్గరికి పరిగెత్తి, జాగ్రత్త అని పెట్టెలన్నీ అదిరేలా అరిచాడట. నేను హిందూపురంలో ఎక్కేసరికి చిన్నాయన ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో, నాయన ఇచ్చిన చెనక్కాయల పొట్లం ఒడిలో పెట్టుకుని, పెళ్లికి పోతున్నవాడిలా కూర్చుని ఉన్నాడు.

సదస్సులో ఆయనను ముందు వరుసలో కూర్చోబెట్టాను. నల్ల చొక్కా ఆమె చేతులు కదిలాయి. చిన్నాయన రెప్ప వేయకుండా చూశాడు. నేను ఆయన ముఖాన్నే చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి హాలు నవ్వింది, పక్క కుర్రవాళ్లు నవ్వారు. చిన్నాయన వాళ్లను చూసి, తర్వాత తానూ నవ్వి, తల ఊపాడు. బస్టాండులో ఊపినట్టే. ఆయన బడికి పోలేదు. ఆ చేతుల భాష ఆయనకు ఎవరూ నేర్పలేదు. చెవిటివాళ్లందరికీ అది పుట్టుకతోనే వస్తుందన్నట్టు నేను రైలెక్కించి తీసుకొచ్చాను.

టీకి వదిలినప్పుడు ఇక ఇంటికి పోదామని ఆయన చెయ్యి పట్టుకున్నాను. చిన్నాయన విడిపించుకుని, జనంలోంచి దారి చేసుకుంటూ నేరుగా ఆ నల్ల చొక్కా ఆమె దగ్గరికి పోయాడు. ఆమె నవ్వి ఏవో సైగలు చేసింది. ఆయన తల ఊపలేదు. ఆమె రెండు చేతుల వైపు చూపించాడు. తన గుండె మీద తట్టుకున్నాడు. మళ్లీ చేతులు, మళ్లీ గుండె. ఆమె టీ కప్పు పక్కన పెట్టి నా వైపు తిరిగింది. కన్నడం కలిసిన తెలుగులో, “ఇవరికి మా భాష రాదు మేడం. నేర్పిస్తే బరుతుంది. కలియాలని, అదే నేర్చుకోవాలని, ఆశ చూడండి ఎంత ఉందో” అంది.

ధర్మవరంలో ఆదివారం తరగతి అలా మొదలైంది. ఒక చర్చి ఫాదరు ప్రార్థన అయిపోయాక హాలు వాడుకోండి అన్నాడు. అనంతపురం నుంచి ఒక టీచరమ్మ రావడానికి ఒప్పుకుంది. ఆమెకూ వినబడదు. మగ్గాల ఇళ్లలో ఒకరిద్దరు, ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీ దగ్గర పనిచేసే ఒక అబ్బాయి, గాండ్లపెంట నుంచి తల్లితో వచ్చే ఒక అమ్మాయి, అందరిలోకీ పెద్ద మా చిన్నాయన. నా వంతు పని సైటు చేయడం. ఒక్కో సైగనూ చిన్న వీడియోగా తీసి, ఇంట్లోవాళ్లు ఫోనులో చూసి నేర్చుకునేలా పెట్టాను. మగ్గానికి, పట్టుకు, అంచుకు చిన్నాయన సొంతంగా చేసుకున్న సైగలను కూడా టీచరమ్మ ఉంచమంది. వీడియో తీసే రోజు ఆయన రెండుసార్లు తల దువ్వుకున్నాడు.

నేర్చుకోవడం తేలిగ్గా కాలేదు. వస్తువుల పేర్లు చకచకా పట్టేశాడు. నిన్న, రేపు దగ్గర ఆగిపోయాడు. “ఎందుకు” దగ్గర పూర్తిగా చిక్కుబడ్డాడు. మా ఇంటి సైగల్లో ఆ మాటే లేదు. అన్నం తిను అని చెప్పాం, రా అన్నాం, పో అన్నాం. ఎందుకో ఆయన అడిగే వీలు లేదు, మేం చెప్పే వీలూ లేదు. వారాల తరబడి టీచరమ్మ ఆ సైగ చేయడం, ఆయన అందంగా దాన్ని అలాగే తిప్పి చేయడం. ఒక ఆదివారం ఆమె ఉన్నట్టుండి లేచి, చెప్పులు చేత్తో పట్టుకుని, కుర్చీ ఎక్కి నిలబడింది. అందరూ బిత్తరపోయి చూశారు. చిన్నాయన చెయ్యి దానంతటదే లేచింది. ఎందుకు? ఆమె కుర్చీ మీదే చప్పట్లు కొట్టింది.

ఆ తర్వాత ఆయన మమ్మల్ని బతకనివ్వలేదు. రైలు ఎందుకు ఆగింది, నీ మొగుడి జుట్టు ఎందుకు ఊడింది, ఫాదరు తెల్ల గౌను ఎందుకు వేసుకుంటాడు. అరవైకి దగ్గరపడిన మనిషి నాలుగేళ్ల పిల్లవాడిలా వెంటపడి అడిగేవాడు. నేను వచ్చీరాని సైగలతో జవాబులు చెప్పేదాన్ని. మా ఆయన జుట్టు సంగతి మాత్రం ఆయన్నే అడగమన్నాను.

ఒక మధ్యాహ్నం పెనుకొండలో నాయన ఇంటి వసారాలో ముగ్గురం భోంచేసి కూర్చున్నాం. చిన్నాయన నాయన మోకాలు తట్టాడు. ముక్కు పక్కన వేలు పెట్టి తిప్పాడు. అది ముక్కుపుడక. అంటే వాళ్లమ్మ, నేను చూడని మా అవ్వ. తర్వాత కళ్లు మూశాడు. ఆ తర్వాత చెయ్యి లేపాడు. ఎందుకు?

“ఏమంటాండాడు పాపా?” అన్నాడు నాయన.

“అవ్వ ఏంటికి సచ్చిపోయిందని అడుగుతాండాడు నాయనా.”

నాయన తమ్ముడి వైపు తిరిగాడు. “ఎవురూ చెప్పలేదా వానికి?” అన్నాడు, చెప్పడానికి ఇంట్లో తాను కాక ఇంకెవరో ఉన్నట్టు.

చిన్నాయన ఆగలేదు. చిన్న పిల్లవాడి ఎత్తు చూపించాడు. పళ్లెం తోసేశాడు, అన్నం చెల్లాచెదురైంది. అమ్మ ఏడ్చింది. అమ్మ పడుకుంది. అమ్మను ఎత్తుకుపోయారు. ఆ తర్వాత బస్సు, ధర్మవరం. తన గుండె మీద వేలు పెట్టుకుని మళ్లీ ఎందుకు అన్నాడు. ఆయన ఊరికే అడగడం లేదు. ఆయన దగ్గర ఒక జవాబు ముందే ఉంది. అన్నం తోసేసినందుకు అమ్మ పోయింది, అందుకే తనను వెళ్లగొట్టారు. అది నిజమేనా అని అన్నను అడుగుతున్నాడు.

నేను చెప్పగానే నాయన లేచి నిలబడ్డాడు. “కాదు రా! నీ వల్ల కాదు! జొరం రా అది! విషజొరం!” ఎదురింటివాళ్లు బయటికి వచ్చేంత గట్టిగా అరిచాడు. చిన్నాయన అన్న నోటినే చూస్తూ మెల్లగా తల ఊపడం మొదలుపెట్టాడు. నాయన ఆ ఊపును చూశాడు. గబుక్కున తమ్ముడి గడ్డం పట్టుకుని ఆపాడు. ఎదురుగా కింద కూర్చున్నాడు. చేతులు పైకెత్తాడు.

నాయన సైగ చేయడం నేను చూడటం అదే మొదలు. ముక్కుపుడక. నుదుటి మీద చెయ్యి పెట్టి, కాలినట్టు వెనక్కి లాక్కున్నాడు. ఒళ్లంతా వణికించాడు. తోసేసిన పళ్లెం చూపించి, అడ్డంగా చెయ్యి ఊపాడు, కాదు, కాదు. పడుకున్న మనిషి చెయ్యి పక్కన చిన్న తల కోసం తడుముతున్నట్టు చూపించాడు. ఖాళీ కుండ బోర్లించి చూపించాడు. వండిపెట్టేవాళ్లు లేరు, అందుకే బస్సు, అందుకే ధర్మవరం. అది చూపించాక తన ముఖం తుడుచుకున్నాడు. సైగ అనుకున్నాను, కాదు. చిన్నాయన మళ్లీ అడిగాడు. నాయన మళ్లీ మొదటి నుంచీ చెప్పాడు. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లూ చెప్పాడు. చివరికి చిన్నాయన గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని, బరువు దించుకున్నవాడిలా ఊపిరి వదిలాడు.

ఆ తర్వాతి ఆదివారం తరగతికి నాయన కూడా వచ్చాడు. గుమ్మంలోంచే టీచరమ్మకు హాలు దద్దరిల్లేలా నమస్కారం చెప్పి, వెనక బల్ల మీద కూర్చున్నాడు. ఇప్పటికీ వస్తాడు. తప్పులు చేస్తాడు, చిన్నాయన దిద్దుతాడు. కాలం ఆగదని అందరూ అంటారు కానీ, ఒక పిల్లవాడి లోపల అమ్మ పోయిన ఆ ఒక్క పగలు అన్నేళ్లూ కదలకుండా నిలిచే ఉంది. పెనుకొండ వసారాలో అన్నదమ్ములు ఎదురెదురుగా కూర్చున్న ఆ మధ్యాహ్నమే దానికి పొద్దు వాలింది.