తొమ్మిది షెడ్లు, ఒక ఎర్ర చీర

నాకు నోరెక్కువని మా ఆఫీసులో ప్రతి ఒక్కరూ అంటారు. అననీ. నోరుంది కాబట్టే ఇన్నేళ్లు నెగ్గుకొచ్చాను. కానీ నోరు తెరవాల్సిన రోజు ఒకటి వచ్చింది, ఆ రోజు నేను తెరవలేదు. పైగా సంతకం పెట్టాను. వినోద సంగతి చెప్పాలంటే ఆ సంతకాన్ని కూడా చెప్పుకోవాలి మరి.

వినోద పుట్టిల్లు సిరిసిల్ల. సాంచెల చప్పుడులో పుట్టి, ఆ చప్పుడులోనే పెరిగింది. మరమగ్గాలను మా వైపు సాంచెలంటాం. పెళ్లికి ముందు ఎనిమిదేళ్లు ఒక కార్ఖానాలో బట్ట చూసే పని చేసింది. బట్ట తాను పరిచి, దాని మీద అరచెయ్యి నడిపిస్తూ, ఎక్కడ పోగు తెగిందో, ఎక్కడ రంగు తేడా వచ్చిందో పట్టాలి. రోజుకు ఎన్ని వందల గజాలు చూసేదో ఆమెకే లెక్క తెలియదు. "ఒక్కసారి చూసిన తప్పు కండ్లల్ల నుంచి పోదక్కా, మరుద్దామన్నా పోదు" అనేది. అత్తగారిల్లు చొప్పదండి. ఇంట్లో అత్త శంకరవ్వ, తను. భర్త కొండల్ నాలుగేళ్లుగా గల్ఫ్‌లో, ఒక కంపెనీ క్యాంపులో ఉంటాడు. పత్రికలో ప్రకటన చూసి, రోజూ బస్సులో కరీంనగర్ వచ్చి మా దగ్గర పనిలో చేరింది.

మా పని ఏమిటో చెబుతాను. ఒక ఫంక్షన్ హాలు పైన రెండో అంతస్తు, ముప్పై మంది ఆడవాళ్లం, ముప్పై కంప్యూటర్లు. ఆకాశం నుంచి తీసిన ఫొటోలు వస్తాయి. ఏ దేశానివో చెప్పరు. ఇల్లు కనిపిస్తే దాని చుట్టూ డబ్బా గీసి 'నివాసం' అని రాయాలి. లారీ అయితే లారీ, వంతెన అయితే వంతెన, సైనికులుండే చోటైతే 'బ్యారక్'. ఇలా లక్షల ఫొటోలు చూపిస్తే యంత్రం తనంతట తాను గుర్తుపట్టడం నేర్చుకుంటుందట. హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థ చేస్తున్న పని ఇది, డబ్బు కేంద్ర సర్కారుది. యుద్ధమంటూ వస్తే విమానాలు ఎటు పోవాలి, దేన్ని ముందు కొట్టాలి, దేని జోలికి పోకూడదు అని అధికారులు పథకం వేసుకుంటారు కదా, అప్పుడు పక్కన కూర్చుని సలహా చెప్పే యంత్రమన్నమాట. ఈ ముక్క మొదటి రోజే చెప్పి, బయట మాట్లాడబోమని కాగితం రాయించుకున్నారు. మేం భయపడ్డామా? అబ్బే! ఏసీ గది, కూర్చుని చేసే పని, నెల తిరగ్గానే జీతం. నేనైతే స్వీట్లు పంచాను.

మిగతా వాళ్లు గీసినవి సరిచూడటం నా పని. మాకందరికీ పెద్ద శ్రీహరి సారు. మంచివాడే, కానీ ఢిల్లీ నుంచి ఫోనొస్తే చాలు, చెమటలు పట్టేస్తాయి. ఒకనాడు అలాగే చెమటలతో వచ్చాడు. రేకుల షెడ్లు చూసి యంత్రం తికమక పడుతోందట, సంసారాలుండేవేవో, సైనికులుండేవేవో తేల్చుకోలేకపోతోందట. ఇలాగైతే తర్వాతి విడత నిధులు రావని చెప్పారట. మాలో ఎవరికీ ఏమీ తోచలేదు. వినోద లేచి నిలబడింది.

"సార్, రేకులను కాదు, దండేలను చూడుండ్రి. చీరెలు, గౌన్లు, పోరగాండ్ల లాగులు ఆరేసుంటే అది సంసారమున్న ఇల్లు. అన్నీ ఒక్క రంగు అంగీలు, ఒక్క రంగు ప్యాంట్లు ఉండి, ఆడోళ్ల గుడ్డ ఒక్కటి గూడ లేదనుకోండ్రి, అది ఫౌజోళ్లది."

శ్రీహరి సారు మొహం వెలిగిపోయింది. "ఏం కన్ను అక్కా నీది!" అన్నాడు. సాయంత్రానికల్లా ఆ మాట మా నియమాల పుస్తకంలో పద్నాలుగో పుటలోకి ఎక్కింది. సరిచూసినవారు అన్నచోట సంతకం నాది. రెండు నెలల్లో యంత్రం తప్పులు సగానికి సగం తగ్గాయి. వినోదకు శాలువా కప్పారు. ఆ ఫొటో కొండల్‌కు పంపితే, క్యాంపులో అందరికీ చూపించుకున్నాడట.

నాకు ఒళ్లు మండేది ఎక్కడంటే, ఆ గదిలో ముప్పై మందిమి ఉన్నాం. పదకొండు మంది మొగుళ్లు గల్ఫ్‌లోనే ఉన్నారు. నా సొంత మరిది అక్కడే ఉన్నాడు. ఒక్కరికి, ఒక్కరికంటే ఒక్కరికి తట్టలేదు. ఎలా తడుతుంది? వాళ్లు ఫోన్లో చూపించేది ఇస్త్రీ అంగీ, దువ్విన తల, వెనక ఇంత గోడ. వాళ్ల దండేలు మేమెప్పుడు చూశాం గనక?

శుక్రవారం కొండల్‌కు సెలవు. ఆ రోజు మధ్యాహ్నం, మేం మెట్ల మీద కూర్చుని అన్నం తినే వేళకు వీడియో ఫోన్ చేసేవాడు. ఒక శుక్రవారం బొమ్మ ఆగి ఆగి వస్తోంది.

"రూముల సిగ్నల్ లేదే. జర ఆగు, నీళ్ల ట్యాంకు మెట్లెక్కుతున్న" అన్నాడు. ఎక్కి, ఏదో హుషారులో ఫోన్ అటు తిప్పాడు. "చూడు, ఇదే మా క్యాంపు. ఇయ్యాల అందరి బట్టలుతుకుడే."

నేనూ పక్క నుంచి తొంగి చూశాను. తొమ్మిది పొడుగాటి రేకుల షెడ్లు, మూడు వరుసలు. ప్రతి షెడ్డు ముందూ ఒక దండెం. వాటి నిండా నీలం డ్యూటీ బట్టలు, అన్నీ ఒక్క రంగువే.

వినోద చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. "గా మూలకున్న ట్యాంకుకు మూతేది?" అని అడిగింది.

"గాలికి లేసిపోయింది, శాన రోజులైంది. మూత ఫికర్ నీకెందుకే?" అని అతను నవ్వాడు. ఆమె ఏదో చెప్పి ఫోన్ పెట్టేసింది. తర్వాత నా వైపు చూసిన చూపు నేను బతికినంతకాలం మర్చిపోను.

"అక్కా, గియ్యి నేను గీసిన. తొమ్మిది షెడ్లు, మూతలేని ట్యాంకు. బ్యారక్ అని రాసిన. తొమ్మిదిసార్లు రాసిన."

"పిచ్చిదానా, తొమ్మిది షెడ్లు లోకంలో ఒక్కచోటే ఉంటయా? మూతలేని ట్యాంకులు ఊరికొకటి ఉంటయి" అని కసిరాను. కసిరానే గానీ నా మాట నేనే నమ్మలేదు. బట్టలో తప్పు చూసి మర్చిపోని మనిషి ఆమె, ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు?

ఆ తర్వాత వినోద వినోదలా లేదు. చొప్పదండి బస్సులో కిటికీ పక్కన కూర్చుని దండేలు చూస్తూ వచ్చేది. దారిలో మగపిల్లల హాస్టల్ ఒకటుంది. దాని డాబా మీద అరవై తెల్ల అంగీలు ఆరేసి ఉంటాయి. అది దాటేదాకా కళ్లు మూసుకునేది. ఇంట్లో శంకరవ్వ కొడుకు పాత చొక్కాలు ఉతికి ఆరేస్తే, ఈమె పరుగెత్తి వెళ్లి వాటి మధ్యన తన చీర వేసేదట. ఎప్పుడో ఒక విమానం పైనుంచి పోతే వాకిట్లోకి వచ్చి, చప్పుడు పూర్తిగా పోయేదాకా నిలబడేదట. ఆ ముసలమ్మ నాకే ఫోన్ చేసింది. "మమతమ్మా, నా కోడలికి ఏమన్న గాలి సోకిందా? నా కొడుకు అంగీలు ఒక్కటే ఆరేస్తే ఏందట ఈమె పరేషాన్?" అని. నేనేం చెప్పను? సంతకం పెట్టిన నోరు కదా, మూసుకున్నాను. మా ఇంట్లోనూ మా ఆయన చొక్కాలు ఆరేయడానికి చెయ్యి రాలేదు నాకు. లోపల కుర్చీల మీద ఆరబెట్టాను.

చివరికి ఇద్దరం కలిసి శ్రీహరి సారు గదిలోకి వెళ్లాం.

"సార్, నేను చెప్పింది తప్పు. కూలోళ్లు గూడ గట్లనే ఆరేసుకుంటరు. గా పద్నాలుగో పుట తీసెయ్యుండ్రి. పంపిన ఫొటోలు వాపసు తెప్పియ్యుండ్రి, నేను ఒక్కదాన్నే కూసొని అన్ని దిద్దుత" అంది వినోద.

ఆయన తల పట్టుకున్నాడు. "పంపినయి తాళం పడ్డయక్కా, వాపసు రావు. యంత్రం నేర్చుకున్నది గూడ అయిపోయింది. మంగళవారం ఢిల్లీల సమీక్ష ఉంది. ఇప్పుడు తప్పని చెప్తే నిధులు ఆగుతయి, ముప్పై మంది ఇంటికి పోతరు. అయినా ఇది పరిశోధన అక్కా, బాంబు కాదు. ఆఖరుకు మనిషే చూస్తడు, మనిషే చెప్తడు."

"గా మనిషికి దండేల సంగతి ఎవరు చెప్తరు సార్? మనం చెప్పిందే గద ఆయన చూసేది" అంది వినోద.

ఆయన కాగితం ముందుకు లాక్కున్నాడు. పాపం, హైదరాబాదుకు ఉత్తరమైతే రాశాడు. పది రోజులకు ఒక్క వాక్యం వచ్చింది: తర్వాతి విడతలో పరిశీలిస్తామని.

ఆ వారంలోనే అంబదాస్ అనే ఆయన, కొండల్‌తో ఒకే షెడ్డులో ఉండేవాడు, ఆసిఫాబాద్‌లో సెలవు ముగించుకుని తిరిగి వెళుతున్నాడని తెలిసింది. అందరూ సకినాలు, పచ్చళ్లు, కారప్పొడి పంపిస్తారు. వినోద ఒక చీర పంపింది. బతుకమ్మ పండుగకు సర్కారు సిరిసిల్లలో నేయించి పంచిన ఎర్ర చీర. తన చేతి కిందుగా పోయిన తానుల్లోదేనని నాతో ఒట్టేసి చెప్పింది.

"దీన్ని రోజూ షెడ్డు ముంగట దండేనికి ఆరెయ్యాలె. పూర్తిగ పరిచి, రాళ్లు కట్టి, పైకి కనవడేటట్టు" అని ఫోన్లో చెప్పింది.

"నీకేమన్న పిచ్చా? మొగోళ్ల క్యాంపుల చీరె ఆరేస్తే నన్ను బతకనిస్తరా?"

"మొక్కు అయ్యా. అమ్మవారికి మొక్కుకున్న. నువ్వు మంచిగుండాలెనని."

అబద్ధం చెప్పింది. కాగితం మీద సంతకాలు పెట్టాం కదా, నిజం చెప్పే వీల్లేదు. వీలున్నా చెప్పేది కాదేమో. అంత ఎండలో పనిచేసే మనిషి నెత్తిన ఆకాశాన్ని కూడా పెట్టాలా? కొండల్ మాత్రం మొక్కు అన్నాక మారు మాట్లాడలేదు. పొద్దున్నే డ్యూటీ బస్సు ఎక్కే ముందు ఆరేసేవాడు. క్యాంపంతా నవ్వింది. "ఏం కొండలన్నా, వదినె వచ్చిందా? చాయ్ పెట్టుమను" అని ఆటపట్టించారు. అతనూ నవ్వి ఊరుకున్నాడు. వినోద రోజూ ఫోన్లో మొదట అడిగే మాట ఒక్కటే: "ఆరేసినవా?" తిన్నావా అన్నది ఆ తర్వాతే.

సమీక్ష బాగా జరిగింది. నిధులు వచ్చాయి. కొత్త కుర్చీలు వచ్చాయి, ఇంకో పదిహేను మంది చేరారు. కొత్త విడతలో పని మారింది. అవే చోట్లను మళ్లీ ఫొటోలు తీశారు. ఇప్పుడు డబ్బాలు యంత్రమే గీస్తుంది. పచ్చ డబ్బా అయితే నివాసం, ఎర్ర డబ్బా అయితే బ్యారక్. మేం చూసి, సరే అనాలి.

ఆ ఫొటో నా కంప్యూటర్‌కే వచ్చింది. తొమ్మిది షెడ్లు, మూడు వరుసలు, మూలన మూతలేని ట్యాంకు. నడిమి వరుసలో ఒక షెడ్డు ముందు, గోరంత ఎర్రటి గీత. వినోదను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

ఆ ఒక్క షెడ్డు చుట్టూ పచ్చ డబ్బా ఉంది. మిగతా ఎనిమిదింటి చుట్టూ ఎర్ర డబ్బాలు.

సిగ్గు విడిచి చెబుతున్నాను, సంతోషపడ్డాను. ఆమెను కౌగిలించుకుని "బతికించినవే!" అన్నాను కూడా. వినోద ఏడ్చింది. అయితే ఆమె వేలు పచ్చ డబ్బా మీద లేదు, మిగతా వాటి మీద ఒక్కొక్కటిగా నడుస్తోంది, తాను మీద నడిచినట్టే.

"షెడ్డుకు ఎనభై మంది ఉంటరక్కా" అంది.

ఎనిమిదింటినీ ఆమె పచ్చగా మార్చింది. నేను సరే అన్నాను. ఈసారి నా సంతకం కళ్లు తెరిచే పెట్టాను. వారానికి ఆ ఫొటో హైదరాబాదు నుంచి తిరిగొచ్చింది. ఎనిమిది డబ్బాలూ మళ్లీ ఎర్రగా ఉన్నాయి. కింద ఒక ముక్క: పద్నాలుగో పుట నియమం ప్రకారం సరిదిద్దడమైనది, సరిచూసినవారు మమతారాణి. నా పేరే నాకు జవాబు చెప్పింది. మళ్లీ మార్చాం. మళ్లీ తిరిగొచ్చింది.

ఆ ఆదివారం వినోద చేసంచి పట్టుకుని మా ఇంటికి వచ్చింది. చొప్పదండిలో గల్ఫ్ వాళ్ల ఇళ్లు తిరిగి వచ్చిందట. "మొక్కు అని చెప్పి అడిగినక్కా. నాలుగు చీరెలు దొరికినయి. గా క్యాంపుకు పోయేటోళ్లు ఇద్దరున్నరు" అంది. బీరువా తీసి, మా అక్క కూతురి పెళ్లికి కొన్న చిలకపచ్చ చీర ఇచ్చాను. వినోద దాన్ని వెలుగులో పరిచి, అంచు నుంచి అంచుకు చెయ్యి నడిపించి చూసింది. "గా ఎండకు ఏ రంగైన నాలుగు నెలలే అక్కా. సంక్రాంతి దాటినంక మళ్ల పంపాలె" అంది.

నా చీర నాలుగో షెడ్డుకు వెళ్లింది. అక్కడ ఉండేవాళ్లలో ఒక్కరి పేరూ నాకు తెలియదు. ఇంకా మూడు షెడ్లు మిగిలే ఉన్నాయి. శుక్రవారం మధ్యాహ్నం మెట్ల మీద వినోద ఫోన్ ఎత్తగానే, అన్నం డబ్బా పక్కన పెట్టి, ఇప్పుడు నేనే ముందు అడుగుతున్నాను: "నాలుగో షెడ్డోళ్లు ఆరేసిండ్రా?"