కాళ్లకిచ్చిన నీళ్లు

పోయిన వారం మా చర్చి పాస్టరు ఫోన్ చేసి, ఈ మధ్యే కన్నుమూసిన మా పాత బిషప్ గారి జ్ఞాపకార్థం కరీంనగర్‌లో కూడిక పెడుతున్నామనీ, ఆయన్ని దగ్గరగా ఎరిగినవాళ్లలో మిగిలింది మీరే గనుక రెండు మాటలు చెప్పాలనీ అడిగాడు. సరేనని పెట్టేశాను గాని, అప్పటినుంచీ నా మనసు మనసులో లేదు. ఆయన గురించి చెప్పమంటే పొద్దంతా చెప్పగలను. చెప్పాల్సిన ఆ ఒక్క సంగతి నిజమో కాదో మాత్రం ఈ వయసొచ్చినా నాకే తెలియదు. మీరూ నా తరంవాళ్లే కాబట్టి మీతో చెప్పుకుంటాను.

మాది గోదావరి ఒడ్డున బొగ్గుబాయిల కాలనీ. మా నాన్న, మేం బాపు అనేవాళ్లం, ఆ గనుల్లోకి దిగి పనిచేసేవాడు, పుట్టుకతో క్రైస్తవుడు. అవ్వ, అంటే మా అమ్మ, హుజూరాబాద్ దిక్కు మగ్గం నేసే ఇంటి ఆడపడుచు. ఇద్దరూ ఒకరినొకరు ఇష్టపడి, రెండిళ్లవాళ్లనూ ఏడిపించి మరీ పెళ్లి చేసుకున్నారు. అవ్వ ఆదివారం పొద్దున మా తలలు దువ్వి చర్చికి తోలేది గాని, తను మాత్రం క్రిస్మస్‌కు తప్ప గడప తొక్కేది కాదు. బతుకమ్మ పేర్చేది, ఏడాదికోసారి ధర్మపురి పోయి నరసింహస్వామిని చూసి వచ్చేది. తల మీద నీళ్లు పోసి క్రైస్తవంలో చేర్చుకునే ఆ బాప్తిస్మం తీసుకొమ్మని బాపు ఏనాడూ అడగలేదు, తీసుకుంటానని ఆమే అనలేదు. ఇదెక్కడి సంసారమని ఇరుగుపొరుగు ముక్కున వేలేసుకునేవాళ్లు. మాకేమో అన్ని పండుగలకూ కొత్త బట్టలు.

ఆ రోజుల్లో బిషప్ అంటే మాకు కలెక్టరు కంటే ఎక్కువ. పాస్టరును అయ్యగారనేవాళ్లం గనుక ఆయన్ని పెద్దయ్యగారనేవాళ్లం. ఆదిలాబాద్ అడవి పల్లెల నుంచి ఇటు పెద్దపల్లి దాకా దుమ్ముకొట్టుకుపోయిన జీపులో తిరిగేవారు, ఆ దిక్కు పోతే మరాఠీ కలిపి మాట్లాడేవారు, ఊదారంగు అంగీ కింద రబ్బరు చెప్పులేసుకునేవారు. ఆ చెప్పుల ముచ్చటే మా ఆడవాళ్లు కొళాయి దగ్గర తెగ చెప్పుకునేవాళ్లు. అబద్ధమంటే మాత్రం ఆయనకు ఒళ్లు మండేది. ఒకసారి మా చర్చిలోనే, పెళ్లికొడుకు బాప్తిస్మం తీసుకున్నాడని వాళ్లవాళ్లు అబద్ధం చెప్పారని తెలిసి, చుట్టాలంతా వచ్చి కూర్చున్న పెళ్లిని ఆపేశారు. వండిన అన్నం వండినట్టే ఉండిపోయింది, అమ్మాయి తల్లి కాళ్లావేళ్లా పడింది, అయినా ఆయన కరగలేదు. అంత రాయి మనిషేమిట్రా అని నాకు ఒళ్లంతా కోపం వచ్చింది.

నాకు కన్ఫర్మేషన్ ఇచ్చిన రోజున, అంటే బిషప్ తల మీద చేతులుంచి పిల్లల్ని సంఘంలో పూర్తిగా చేర్చుకునే ఆదివారంనాడు, ఆయన భోజనం మా ఇంట్లోనే. మంచి ఎండాకాలం. ఇంటికొచ్చిన మనిషికి కాళ్లకు నీళ్లివ్వడం మా దిక్కు మర్యాద, అది ఇవ్వకపోతే అన్నం పెట్టినా పెట్టనట్టే. అవ్వ చెంబుతో నీళ్లు తెచ్చి, “గీ ఎండల నడ్శొస్తిరి అయ్యా, జర కాళ్లు కడుక్కోండ్రి” అంది. ఆయన కడుక్కున్నారు. అవ్వ చెంబు కింద పెట్టి, పెద్దవాళ్లకు మొక్కినట్టే ఆయన కాళ్లకు మొక్కబోయింది. ఎవరినీ కాళ్లకు మొక్కనిచ్చేవారు కాదాయన, గబుక్కున వెనక్కి జరిగి, ఆ తడి చేతులే ఆమె తల మీద పెట్టారు. నీళ్లు కారి అవ్వ మొహం మీద పడ్డాయి. ఆయన పెదవులు కదిలాయి, ఏమన్నారో వినబడలేదు. “అయ్యో, నెత్తంత తడిశె” అని అవ్వ కొంగుతో తుడుచుకుని, నవ్వుతూ వడ్డించడానికి లోపలికి పోయింది. తువ్వాలు పట్టుకుని పక్కనే నిలబడింది నేనే. ఆ ఏడు కూడా అవ్వ బతుకమ్మ పేర్చింది, ధర్మపురీ పోయింది.

బాపు ముందు పోయాడు. అప్పటినుంచి అవ్వది ఒకటే మాట. “నన్ను మీ బాపు పక్కన్నే పెట్టుండ్రి బిడ్డా, ఏడ్నో ఒక్కదాన్ని పెట్టకుండ్రి.” ఆమె పోయిన రోజున సంఘ పెద్దలు సమాధుల తోట దగ్గర అడ్డం నిలబడ్డారు. “ఆమె బాప్తిస్మం తీస్కోలే, గీడ పెట్టరాదు” అన్నారు. ఇటు మేనమామలేమో, మా చెల్లెను మేమే గోదావరి ఒడ్డుకు తీసుకపోతాం, ఈ పరేషాన్ ఎందుకని పాడె మీద చెయ్యి వేశారు. అవ్వ అడిగింది ఆ ఒక్కటే, అదీ చేయలేకపోతున్నానే అని నేను గుండెలు బాదుకుని ఏడ్చాను. అంతలో, మా తమ్ముడు పోయి చెప్పినందుకు, పెద్దపల్లి వచ్చి ఉన్న పెద్దయ్యగారు జీపు దిగారు. అందరి మాటా విన్నారు. అవ్వ మొహం చాలాసేపు చూశారు. “గీ తల్లికి బాప్తిస్మం ఇచ్చింది నేనే. ఇగ తవ్వుండ్రి” అన్నారు. పెద్దలు పక్కకు జరిగారు. మామలు కూడా చెయ్యి తీశారు. మట్టి ఆయనే వేశారు.

ఎప్పుడిచ్చారు? ఎక్కడ? జీపు దాకా వెంటబడి పోయి అడిగాను. “నువ్వక్కడ్నే ఉంటివి గద బిడ్డా” అని ఎక్కి వెళ్లిపోయారు.

అప్పటినుంచీ ఇదే అయోమయం. ఆ తడి చేతులనే ఆయన బాప్తిస్మమనుకున్నారా? అట్లయితే, అడగకుండా అవ్వ దేవుణ్ణి మార్చినట్టు కాదా, కోపం తెచ్చుకోవాలా? లేక ఒక పెళ్లిని ఆపిన ఆ నోటితోనే మా అవ్వ కోసం అబద్ధమాడారా? అట్లయితే ఆ పెళ్లిపిల్ల చేసిన పాపమేమిటి? ఒకనాడు కృతజ్ఞతతో కళ్లు నిండుతాయి, ఇంకోనాడు ఆయనతో పోట్లాడాలనిపిస్తుంది. ఇప్పుడు పోట్లాడటానికీ ఆయన లేరు.

నిన్న ఆ కూడికకు వెళ్లాను. తెర మీద ఆయన ఫొటో, చల్లటి హాలు, గుమ్మంలో చెప్పుల స్టాండు, కుర్చీకొక నీళ్ల సీసా. మా ఇంట్లోనూ అంతే, ఎవరొచ్చినా చల్లని సీసా చేతికిస్తాం, కాళ్లకు నీళ్లిచ్చే చెంబు ఏ మూల ఉందో నాకే తెలియదు. సమాధుల తోటకు ఇప్పుడు గోడా గేటూ తాళమూ వచ్చాయి, తాళం తీయమని ధైర్యంగా చెప్పే మనిషి లేడు. నా వంతు రాగానే లేచి, పెద్దయ్యగారు మా అవ్వకు బాప్తిస్మమిచ్చారని చెప్పి కూర్చున్నాను.

బయటికొస్తుంటే, ఆనాడు అడ్డం నిలబడిన సంఘ పెద్దల్లో ఒకరి కొడుకు ఎదురొచ్చాడు. “నిజంగ ఇచ్చిండా చిన్నమ్మా? మా బాపు పోయేదాక నమ్మలే” అన్నాడు.

“నేనక్కడ్నే ఉంటి గద బిడ్డా” అన్నాను.